దగ్గు తగ్గాకే నా పని మొదలు

మందులు మొదలుపెట్టిన ఆరు వారాలకు టీబీ రోగి ఇంటికి పోతే చాలాసార్లు మంచం ఖాళీగా ఉంటుంది. మనిషి పనికి పోయుంటాడు. సాయంత్రం జ్వరం లేదు, దగ్గు లేదు, ఆకలి పుట్టింది, ముఖాన కళ వచ్చింది. ఇంట్లోవాళ్లు పీట వేసి కూర్చోబెడతారు. "బాగైపోయినాడు సిస్టర్, ఇంక ఆ మాత్రలెందుకు, ఒళ్లు వేడి చేస్తాండాయి" అంటుంది తల్లి. ఆమె సంతోషం చూస్తే నాకూ కడుపు నిండుతుంది. కానీ నేను ఎక్కువగా భయపడేది ఈ రోజులకే. నెత్తురు కక్కుతున్న మనిషికి మాత్ర మింగమని రెండోసారి చెప్పక్కర్లేదు, తనే చేయి చాపి తీసుకుంటాడు. నవ్వుతూ పనికి పోతున్న మనిషి చేత ఇంకో నాలుగున్నర నెలలు, రోజూ, తప్పకుండా మింగించాలి. టీబీ విభాగంలో నర్సు పని ముఖ్యంగా అదే. మిగతాదంతా దానికి దారి వేసుకోవడం.

నేను పబ్లిక్ హెల్త్ నర్సును. ఏఎన్ఎంగా చేరి, టీకాలు, కాన్పులు చూస్తూ ఈ పనికి వచ్చాను. మదనపల్లె పట్నం, చుట్టుపక్కల పల్లెలు నేను తిరిగే చోటు. టమాటా మండీలో బాక్సులు మోసే హమాలీలు, నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేసేవాళ్లు, క్రషర్లలో దుమ్ము పీల్చేవాళ్లు, బెంగళూరుకు బేల్దారి పనికి పోయి వచ్చేవాళ్లు, నా రిజిస్టరులో ఎక్కువ పేర్లు వీళ్లవే. టీచర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, పెళ్లి కుదిరిన ఆడపిల్లలున్నారు. గాలిలో వచ్చే జబ్బుకు ఊపిరి పీల్చే ప్రతి మనిషీ ఒకటే. అయితే ఇరుకు ఇల్లు, చాలని తిండి, షుగరు, బీడీ, సారాయి ఉన్నచోట అది తేలిగ్గా కూర్చుంటుంది. ప్రపంచంలోని టీబీ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు.

ఆరు నెలలు ఎందుకని అందరూ అడుగుతారు. టైఫాయిడ్‌కు పది, పద్నాలుగు రోజులు సరిపోతాయి కదా, దీనికెందుకు ఇంత? 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ లోకానికి చూపించిన ఈ క్రిమి చాలా నిదానస్తురాలు. మామూలు పేగు క్రిములు ఇరవై నిమిషాలకొకసారి రెండవుతాయి, ఇది రెండు కావడానికి పదిహేను, ఇరవై గంటలు తీసుకుంటుంది. కొన్ని క్రిములైతే ఊపిరితిత్తిలో కదలక మెదలక నిద్రపోతుంటాయి. మన మందులు చురుగ్గా ఉన్నవాటిని మొదటి వారాల్లోనే చంపేస్తాయి. అందుకే దగ్గు, జ్వరం త్వరగా తగ్గుతాయి. పడుకున్నవాటిని వెతికి చంపడానికే మిగతా నెలలు. మండీలో ఒక హమాలీకి ఈ సంగతి చెబుతుంటే, ఆయన నాకంటే బాగా పక్కవాడికి అందించాడు: "గరిక పైపైన కోస్తే మడి శుభ్రంగానే కనపడతాది, వాన పడితే తెలుస్తాది." ఆ మాటనే ఇప్పుడు నేను ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నాను.

మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. తర్వాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగిలిన మూడూ. మాత్రల సంఖ్య బరువును బట్టి ఉంటుంది. పెద్దవాళ్లలో 25 నుంచి 34 కిలోల మనిషికి రోజుకు రెండు, 35 నుంచి 49 వరకు మూడు, 50 నుంచి 64 వరకు నాలుగు, ఆ పైన బరువున్నవాళ్లకు ఇంకా ఎక్కువ. ఎదిగిన మగమనిషి 34 కిలోలు తూగడం ఈ పనిలోకి వచ్చాకే చూశాను. అందుకే నా సంచిలో బరువు మిషను ఎప్పుడూ ఉంటుంది. మనిషి కోలుకుని బరువు పెరిగితే మాత్ర కూడా పెంచాల్సి వస్తుంది. "బాగవుతుంటే మందు పెంచుతారేంది?" అని కోప్పడేవాళ్లుంటారు. కూర్చోబెట్టి చెప్పాలి. ఆ పది నిమిషాలు ఖర్చు పెట్టకపోతే పెంచిన మాత్ర గూట్లోనే ఉండిపోతుంది.

మాత్ర ఇచ్చేముందే చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. రిఫాంపిసిన్‌తో మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. చెప్పకపోతే నెత్తురు పోతోందనుకుని మూడో రోజే మానేస్తారు. పైరజినమైడ్‌తో కీళ్లు నొస్తాయి. ఐసోనియాజిడ్‌తో అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి, దానికి బీ6 విటమిన్ మాత్ర ఇస్తాం. ఇథాంబుటాల్‌తో అరుదుగా చూపు మసకబారవచ్చు, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకుండా పోవచ్చు. నేత పనివాళ్లకు ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతాను, రంగు పోగులు వేరుచేయడంలో తడబాటు వాళ్లకే ముందు తెలుస్తుంది. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రలు ఆపి వెంటనే రమ్మంటాను, అది కాలేయం సంగతి. తాగేవాళ్లకు ఆ ప్రమాదం ఎక్కువ. ఆడవాళ్లతో ఒంటరిగా మాట్లాడే వీలు చూసుకుంటాను. ఎందుకంటే రిఫాంపిసిన్ వాడేటప్పుడు గర్భం రాకుండా వేసుకునే మాత్రలు సరిగా పనిచేయవు. ఇది అత్తగారి ముందు చెప్పే మాట కాదు. గర్భిణులు కూడా డాక్టరు పర్యవేక్షణలో ఈ మందులు వాడవచ్చు. మందులు వాడుతూ బిడ్డకు పాలివ్వవచ్చు.

ఇక ఇంటికి వెళ్లడం. యూనిఫాం వేసుకుని బండి గుమ్మం ముందు ఆపితే వీధంతా తెలిసిపోతుంది. కాబట్టి మామూలు చీరలో పోతాను, బండి పక్క సందులో పెడతాను. ఆశా కార్యకర్త తోడుంటే ఇంకా మేలు, ఆమె అందరిళ్లకూ పోతుంది కాబట్టి ఎవరూ ప్రత్యేకంగా చూడరు. లోపలికి పోగానే నా కళ్లు రెండు సంగతులు వెతుకుతాయి: రోగి పడుకునేది ఎక్కడ, గాలి వచ్చేది ఎక్కడ. ఒక నేత ఇంట్లో మగ్గం గుంత, పడక, వంట అన్నీ ఒకే గదిలో. పొడిగాలికి పట్టుపోగు తెగుతుందని కిటికీ మూసే ఉంటుంది. కిటికీ తీయమంటే వాళ్ల కూడు తీసినట్టే. చాలాసేపు మాట్లాడుకున్నాం. మగ్గం ఆడేటప్పుడు మూసుకుని, మగ్గం ఆపినప్పుడల్లా, రాత్రంతా తెరిచి ఉంచుతామన్నారు. మొదటి వారాలు రోగి వసారాలో పడుకునేట్టు, దగ్గేటప్పుడు టవల్ అడ్డం పెట్టుకునేట్టు ఒప్పుకున్నాం. గాలీ ఎండా తగిలితే ఈ క్రిమి నిలవదు.

అదే ఇంట్లో గూట్లో విడిగా ఒక పళ్లెం, ఒక గ్లాసు కనిపించాయి. కోడలివి. జబ్బు ఆమెకే. నేను ఆ గ్లాసులోనే నీళ్లు ఇమ్మని అడిగి తాగాను. ఎంగిలి పళ్లెంతో, గుడ్డలతో, చేయి తాకితే టీబీ అంటదు. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు వచ్చే సన్నని తుంపరలు గాలిలో తేలుతుంటే వాటిని పీల్చినవాళ్లకు అంటుతుంది. సరైన మందు పడితే రెండు మూడు వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. అయినా ఆరు నెలలు పళ్లెం వేరుగా పెట్టే ఇళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. ఆ పళ్లెం చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, దాచుకోను. ఆ పిల్ల మాత్రలు బియ్యం డబ్బాలో దాచుకుని, అందరూ పడుకున్నాక మింగేది. దాచి మింగేవాళ్లకు ఒకరోజు కాకపోతే ఒకరోజు వీలు చిక్కదు. పళ్లెం కలిసిన రోజు నుంచి ఆమె మాత్రలు ఉదయం అందరి ముందూ మింగింది, నీళ్లు ఇచ్చింది అత్తే.

తెమడ పరీక్ష గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, సగం టీబీ దొరక్కుండా పోయేది అక్కడే. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, గళ్లలో నెత్తురు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పరీక్ష చేయించాలి. డబ్బీ చేతికిచ్చి "ఉమ్మి పట్టుకురా" అంటే ఉమ్మే తెస్తారు. ఉమ్మిలో క్రిమి కనపడదు. నేను ఇలా చేయిస్తాను: పొద్దున్నే, ఏమీ తినకముందు, నీళ్లతో నోరు పుక్కిలించాలి. ఇంటి బయటకు రావాలి. గాలి నా వీపు వైపు నుంచి రోగి వైపు పోయేలా నిలబడతాను. రెండుసార్లు గుండె నిండా గాలి పీల్చి వదిలి, మూడోసారి పీల్చి పట్టి, లోపలి నుంచి దగ్గాలి. చిక్కగా, పచ్చగా వచ్చిందే తెమడ. ఆడవాళ్లు నలుగురిలో గట్టిగా దగ్గడానికి సిగ్గుపడతారు, అందుకని వాళ్లను దొడ్డివైపు తీసుకుపోతాను. ఒకప్పుడు మైక్రోస్కోపు మీదే ఆధారపడేవాళ్లం. ఇప్పుడు సీబీనాట్, గోవాలో తయారైన ట్రూనాట్ యంత్రాలు క్రిమిని పట్టుకుని, రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో కూడా గంట, రెండు గంటల్లో చెబుతున్నాయి. కానీ యంత్రం ఎంత మంచిదైనా డబ్బీలో ఉన్నదాన్నే చూస్తుంది.

టీబీ రోగులను నమోదు చేసే నిక్షయ్ పోర్టల్‌లో పేరు ఎక్కిన రోజే ఇంట్లోవాళ్లందరినీ చూడాలి. మందు పడని రోగి ఒకరు ఏడాదిలో పది, పదిహేను మందికి క్రిమిని అంటించగలరని లెక్క. అంటుకున్న ప్రతివారికీ జబ్బు రాదు, జీవితకాలంలో పదిమందిలో ఒకరికి వస్తుంది. కానీ ఐదేళ్లలోపు పిల్లల సంగతి వేరు, వాళ్లలో అది మెదడు పొరల దాకా పోగలదు. పుట్టగానే వేసే బీసీజీ టీకా పిల్లల్లో ఆ ఘోరమైన రకాల నుంచి చాలావరకు కాపాడుతుంది, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని మాత్రం నమ్మకంగా ఆపలేదు. అందుకని జబ్బు లేదని తేల్చుకున్నాక పిల్లలకు, ఇంట్లో మిగతావాళ్లకు రాకుండా మందు ఇస్తాం. ఆరు నెలలు రోజూ ఐసోనియాజిడ్, లేదా వారానికోసారి చొప్పున పన్నెండు వారాలు రెండు మందులు. "ఆడుకునే బిడ్డకు మందేంది తల్లీ?" అని తాతలు అడ్డం పడతారు. ఇక్కడా నాకెదురయ్యేది ఆ పాత ప్రశ్నే: బాగున్న మనిషికి మందెందుకు?

ఈ జబ్బుకు మా ఊళ్లో పాత చరిత్ర ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మిషనరీ సంఘాలు కలిసి క్షయ శానిటోరియం తెరిచాయి. మందు లేని కాలం. విశ్రాంతి, గాలి, మంచి తిండి, అవసరమైతే ఛాతీలోకి గాలి ఎక్కించి ఊపిరితిత్తికి విశ్రాంతినివ్వడం, అంతే వైద్యం. ఎక్కడెక్కడి నుంచో రోగులు వచ్చి నెలల తరబడి ఉండేవాళ్లు. 1948లో మన దేశంలో బీసీజీ టీకా పని మొదలైన తొలి చోట్లలో మదనపల్లె కూడా ఉంది. మా పెద్దవాళ్లు ఆ శానిటోరియం పక్కగా పోయేటప్పుడు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లట.

1944 నుంచి స్ట్రెప్టోమైసిన్, 1952 నుంచి ఐసోనియాజిడ్ వాడకంలోకి వచ్చాక ఒక పెద్ద ప్రశ్న లేచింది. లక్షల మంది రోగులకు శానిటోరియం మంచాలు ఎక్కడి నుంచి తేవాలి? 1956లో మద్రాసులో క్షయ చికిత్సా కేంద్రం పెట్టి, వాలెస్ ఫాక్స్ అనే వైద్యుడి ఆధ్వర్యంలో ఒక పరీక్ష మొదలుపెట్టారు. పేదపేటల రోగులను చీటీ వేసినట్టు రెండుగా విడదీసి, సగం మందిని శానిటోరియంలో ఉంచారు, సగం మందికి ఇంటి దగ్గరే అవే మందులిచ్చారు. ఇంటి దగ్గర ఉన్నవాళ్లది ఇరుకు గది, తక్కువ తిండి, కొందరు పనికీ పోయేవాళ్లు. 1959లో వచ్చిన ఫలితం ప్రపంచాన్ని మార్చింది. ఏడాది మందు తీసుకున్నాక రెండు గుంపులూ దాదాపు సమానంగా కోలుకున్నాయి, ఇంటి దగ్గర వైద్యం వల్ల కుటుంబంలోవాళ్లకు జబ్బు ఎక్కువగా అంటలేదు. శానిటోరియంల కాలం అక్కడి నుంచే తగ్గుముఖం పట్టింది.

ఆ పరీక్షలో నాకు బాగా దగ్గరగా అనిపించే సంగతి ఇంకొకటి ఉంది. కేంద్రం సిబ్బంది ముందుగా చెప్పకుండా ఇళ్లకు పోయి మిగిలిన మాత్రలు లెక్కపెట్టారు, మూత్రం పరీక్షించి మందు లోపలికి పోయిందో లేదో చూశారు. బాగున్నట్టనిపించగానే చాలామంది మానేస్తున్నారని తేలింది. మంచం అవసరం పోయింది, మనిషి తోడు అవసరం మాత్రం మిగిలింది. ఎదురుగా మింగించే డాట్స్ పద్ధతికి మూలం అక్కడే ఉంది. నేను చేరిన కొత్తలో ప్రతి రోగికీ పేరు రాసిన డబ్బా ఉండేది, కొత్త రోగికి ఎర్రది, తిరగబెట్టినవాళ్లకు నీలిది. వారానికి మూడు రోజులు మా ముందే మింగేవాళ్లు. 2017 నుంచి రోజూ మింగే పద్ధతి వచ్చింది. మాత్ర నొక్కి తీస్తే కవరు మీద ఒక ఫోన్ నంబరు బయటపడుతుంది, దానికి ఉచితంగా కాల్ చేస్తే ఆ రోజు మింగినట్టు నమోదవుతుంది. మంచి ఏర్పాటే, కానీ ఫోను మోగిందంటే మాత్ర లోపలికి పోయిందని నేననుకోను. మండీకి తెల్లవారుజామునే పోయే హమాలీ కోసం అక్కడి టీ కొట్టు ఆమెను తోడుగా పెట్టాం. ఆయన మాత్రలు ఆమె దగ్గరే ఉంటాయి. మింగాకే టీ.

తిండి మాట లేకుండా ఈ వ్యాసం ముగిస్తే అన్యాయం అవుతుంది. జార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ అధ్యయనం 2023లో వెలువడింది. రోగులకు నెలనెలా తిండి సరుకులు ఇచ్చి చూశారు. మొదటి రెండు నెలల్లో ఐదు శాతం బరువు పెరిగినవాళ్లలో చావులు 61 శాతం తక్కువ. కుటుంబానికి కూడా సరుకులిచ్చిన ఇళ్లలో కొత్తగా టీబీ వచ్చినవాళ్లు 39 శాతం తగ్గారు. ఈ లెక్క చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లు ఇళ్లలో కళ్లారా చూసింది అంకెల్లో కనబడింది. నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు వచ్చేవి, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. బ్యాంకు ఖాతా, ఆధార్ కలవక డబ్బు ఆలస్యమైతే నేనే ఆ కాగితాల వెంట తిరుగుతాను. అది నర్సు పనా అని అడిగేవాళ్లున్నారు. గుడ్డు కొనుక్కునే డబ్బు కోసం తిరగడం కంటే నర్సు పని ఇంకేముంటుంది? రాగి సంగటి, చెనిక్కాయలు, ఉలవలు, పప్పు, దొరికినప్పుడు గుడ్డు, మా వైపు ఇళ్లలో ఉన్నవే చెబుతాను. హార్లిక్స్ సీసాల మీద డబ్బు పెట్టవద్దంటాను.

మధ్యలో మానేస్తే ఏమవుతుందో ఒక బేల్దారిని చూసి తెలుసుకున్నాను. మూడో నెలలో బెంగళూరులో పని దొరికింది, పోయాడు. అక్కడి కేంద్రంలో మాత్రలు ఇస్తారని చెప్పినా, మేస్త్రీకి తెలిస్తే పని పోతుందని వెళ్లలేదు. సంక్రాంతికి తిరిగి వచ్చేటప్పటికి మళ్లీ దగ్గు, ఈసారి రిఫాంపిసిన్‌కు లొంగని క్రిమి. ఆ మొండి టీబీకి ఒకప్పుడు రెండేళ్ల దాకా మందులు, నెలల తరబడి సూదులు, ఆ సూదులతో చెవుడు వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిపిన ఆరు నెలల వైద్యాన్ని మన దేశం 2024లో ఆమోదించింది. అవీ కష్టమైన మందులే. రక్తం తగ్గుతుంది, కాళ్లు మంటలెత్తుతాయి, గుండె పరీక్షలు చేస్తుండాలి. ఆయన భార్య ఒక రోజు నన్ను నిలదీసింది: "అప్పుడే పట్టుకుని కట్టేయకూడదా సిస్టర్?" కట్టేయలేను. కానీ అప్పటినుంచి బెంగళూరుకు పోతామన్న ప్రతివారినీ పని ఎక్కడో, బస ఎక్కడో అడిగి రాసుకుంటున్నాను. నిక్షయ్‌లో కేసు అక్కడికి బదిలీ చేసి, అక్కడి హెల్త్ విజిటర్‌తో ఫోన్లో మాట్లాడి, రోగిని, ఆ విజిటర్‌ను ఒకే కాల్‌లో కలుపుతాను. మాత్రలు ఆస్పత్రిలో కాకుండా ఆదివారం సంతలోనో, బస్టాండులోనో ఇప్పించిన సందర్భాలు కూడా ఉన్నాయి.

మందులు పూర్తయ్యాక కూడా రెండేళ్లపాటు ఆరు నెలలకొకసారి చూడాలి, తిరగబెట్టేది ఎక్కువగా ఆ కాలంలోనే. ఆ బేల్దారి మందులు పూర్తయ్యాయి, తెమడలో క్రిమి లేదు. మళ్లీ బెంగళూరులోనే కట్టుబడి పని చేస్తున్నాడు. ఈ నెల ఆయన మొదటి ఆరు నెలల పరీక్ష. ఫోన్ చేస్తే "బాగుండాను సిస్టర్, పరీక్షెందుకు?" అన్నాడు. ఆదివారం ఇంటికొస్తాడని భార్య చెప్పింది. ఆదివారం పొద్దున్నే, టిఫిను తినకముందే, డబ్బీ తీసుకుని నేనే పోతున్నాను.